రెండో కార్డు

నేను దూదితో చేసిన కాగితాన్ని. ఒంటి మీద వరసగా సున్నాలు, ఒక్కోటి అరంగుళం. పుట్టుకతో వచ్చే జబ్బుల పరీక్ష కోసం పసిపిల్లల మడమ నెత్తురు పీల్చుకోవడమే నా పని. 1960ల మొదట్లో అమెరికా డాక్టరు రాబర్ట్ గత్రీ మా జాతికి అంటగట్టిన వృత్తి ఇది.

కోనసీమకు నేనొచ్చింది ముసురు రోజుల్లో. ఉప్పు జాడీలో నీరూరే కాలం. ఆసుపత్రి పేరు చెప్పను. నాకంటే ముందు అదే పాప రక్తంతో, అదే కట్టలోని మా అక్క వెళ్లింది. రాత్రి డ్యూటీ సిస్టర్‌కి తొందర. చల్లటి మడమను కాపకుండానే గుచ్చి, నిమ్మచెక్క పిండినట్టు పిండింది. అలా పిండితే రక్తంతోపాటు ఒంటి నీరూ దిగి పల్చబడుతుంది. సున్నా నిండలేదని చుక్క మీద చుక్క వేసింది. ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొరియర్‌కి ఇచ్చేసింది.

హైదరాబాదు ల్యాబ్ వాళ్లు పనికిరాదన్నారు. మరి అనరూ? మా ఒంట్లోంచి 3.2 మిల్లీమీటర్ల బిళ్ల కత్తిరించి, అందులో ఇంత రక్తం ఉంటుందన్న లెక్కతోనే కొలుస్తారు. రెండు పొరలైతే ఆ లెక్క తప్పుతుంది. తడి ఉక్కకు బయోటినిడేజ్ లాంటి ఎంజైములు చచ్చిపోయి, బాగున్న బిడ్డకూ జబ్బున్నట్టు చూపిస్తాయి.

అక్కది కంటికి కనబడే తప్పు, నయం. ఊదా మూత గొట్టంలో పట్టిన రక్తమైతే చుక్కలు ముత్యాల్లా పడతాయి గానీ, అందులో నెత్తురు గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ కొన్ని పరీక్షల్లో, థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే టీఎస్‌హెచ్‌ని తగ్గించి చూపిస్తుంది. జబ్బున్న బిడ్డ బాగున్నట్టు ఇంటికెళ్లిపోతుంది. నా భయమంతా దానికే. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పిల్లల్ని పరీక్షించి 2004లో ఎ. రాధారమాదేవి ప్రచురించిన లెక్కలో, సుమారు 1,700 మందికి ఒకరిలో పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది.

నా వంతు వచ్చేసరికి అమ్మమ్మగారు అడ్డుపడ్డారు. "పసిగుడ్డుని మళ్లీ పొడుస్తారేంటండీ!" పెద్ద సిస్టర్ ఆవిడకి నచ్చజెప్పి, మడమకి గోరువెచ్చని గుడ్డ చుట్టింది. స్పిరిట్ ఆరనిచ్చి, మడమ పక్కవాటున గుచ్చి, మొదటి చుక్క తుడిచేసింది. రెండోది దానంతటదే ఉబ్బి, నన్ను తాకి, వెనకవైపు దాకా ఇంకింది. సున్నాకి ఒక్కటే చుక్క. ఎండ తగలనివ్వకుండా నాలుగు గంటలు పడుకోబెట్టి, అప్పుడు కవర్లో పెట్టింది.

మళ్లీ రక్తం కావాలని ఫోనొస్తే బిడ్డకేదో రోగమని బెంగపడకండి. అలాగని మంచిరోజు చూసుకుని వస్తామనకండి. థైరాయిడ్ లోపమే ఉంటే మాత్ర పుట్టిన రెండు వారాల్లోపు మొదలవ్వాలి.