కురుడి అమ్మ

నాయనమ్మ పోయి ముప్ఫై ఏళ్ళు. మనవడు పుడితే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి నడిచి వస్తానని మొక్కుకున్న మనిషి. నేను పుట్టాక నాకు సుబ్రహ్మణ్యమని పేరు పెట్టిందీ ఆవిడే. మొన్న షష్ఠికి, ఆవిడ నడిచిన దారినే భట్టిప్రోలు నుంచి బయలుదేరాను. తోడు మా మేనమామ కొడుకు.

చీకటితోనే మా ఊరి బౌద్ధ స్తూపం పక్కగా పోతుంటే నా చరిత్ర పిచ్చి రేగింది. దాని ఇటుకలు రోడ్ల పనులకి ఎలా తరలిపోయాయో, మిగిలిన దిబ్బని 1892లో అలెగ్జాండర్ రే అనే దొర తవ్విస్తే అక్షరాలున్న రాతి భరిణెలు ఎలా బయటపడ్డాయో ఏకరువు పెట్టాను.

"ఒకదాని మీద ఏముందో తెలుసా బావా? బుద్ధుడి ధాతువులు దాచటానికి కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి భరిణె, స్ఫటికపు పెట్టె చేయించారట. శివుడంటే దేవుడు కాదు, మనిషే."

"తల్లి పేరేంటి?"

"లేదు! మిగతా భరిణెల మీద రాజు కుబీరకుడి పేరుంది. గోష్ఠి అనే సంఘం వాళ్ళ పేర్లు వరసపెట్టి ఉన్నాయి. కన్నతల్లి మాత్రం ఉత్త 'కురుడి అమ్మ'. రెండువేల ఏళ్ళు నిలిచే రాయి దొరికితే, నాలుగక్షరాలు చెక్కించటానికి వాడికి చేతులు రాలేదు!"

బావ ఏమీ అనలేదు.

పల్లెకోన దాటాక నా ఉపన్యాసం దానంతటదే ఆగిపోయింది. నాయనమ్మ చెంగు పట్టుకుని నడిచిన రోడ్డిది. కాళ్ళు నొప్పంటే చిమ్మిలి ఉండ చేతిలో పెట్టేది. అది అయిపోయేదాకా నొప్పి గుర్తుండేది కాదు. అప్పుడు వారధి లేదు, పెనుమూడి రేవులో పంటు ఎక్కాలి. పంటు కదలగానే ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేది. నడి కృష్ణలో ఒక్క కన్ను తెరిచి, చెంగు ముడి విప్పి పది పైసలు నీళ్ళలో వేసి, మళ్ళీ మూసుకునేది. ఇప్పుడు వారధి మీద పక్కనించి బస్సులు దూసుకుపోతున్నాయి. జేబులో పది రూపాయల బిళ్ళ ఉంటే వేశాను. కళ్ళెందుకు తడిశాయో బావ అడగలేదు, మంచివాడు.

గుళ్ళో పాలు పోశాం. అన్నదానానికి డబ్బు కట్టే చోట గుమాస్తా రసీదు పుస్తకం తెరిచాడు.

"ఎవరి పేరు మీద?"

"మా నాయనమ్మ పేరు మీదండీ."

"అదేనండీ, పేరు?"

నోరు తెరిచాను. నాకు నాయనమ్మ. ఊరికి పెద్దమ్మ. తాతకి 'ఏమే'. అడుగుదామంటే తాత లేడు, నాన్న లేడు, అత్త లేదు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు.

బావ నా భుజం మీదుగా ముందుకి వంగాడు.

"'సుబ్రహ్మణ్యం నాయనమ్మ' అని రాసెయ్యండి. మాది భట్టిప్రోలు లెండి. మా ఊళ్ళో అది పాత పద్ధతే."