ఈస్ట్ ఫేసింగే గానీ, ఎదురుగా ఏముంది?

మనవాళ్లు పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి మేనమామ తోడల్లుడు ఏం చేస్తాడో కూడా వాకబు చేస్తారు. ఇరవై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకుని ఫ్లాటు కొనేటప్పుడు మాత్రం రెండే రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఫేసింగు? ఎస్‌ఎఫ్‌టీ ఎంత? ఆ ఇంట్లో పిల్లాడు పెరగాలి, బడికెళ్లాలి, సైకిల్ తొక్కాలి, పడాలి, పడితే కట్టు కట్టే డాక్టరు దగ్గర్లో ఉండాలి అన్న సంగతులన్నీ గృహప్రవేశం నాడు పాలు పొంగాక గుర్తొస్తాయి.

మావాడికి ఐదేళ్లు వచ్చాయి. కూకట్‌పల్లిలో మేముంటున్న అద్దె వాటాలో వాడు ఆడుకోవడానికి ఉన్న ఏకైక మైదానం మా మంచం. ఇక లాభం లేదని, ఊరికి ఇంకాస్త చివరికి, అంటే నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, అమీన్‌పూర్, బీరంగూడ వైపు వెళ్లి 'పిల్లల్ని పెంచడానికి పనికొచ్చే ఏరియా' వెతకాలని ఇంట్లో తీర్మానం జరిగింది. కమిటీలో నలుగురం: నేను, మా ఆవిడ, మా అమ్మ, నీటిపారుదల శాఖలో ఏఈగా చేసి రిటైరైన మా మామగారు. నలుగురికీ నాలుగు కొలబద్దలు. నలుగురికీ వీటో ఉంది.

మాకు దొరికిన ఏజెంటు మంచివాడే. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం మాత్రం ఆయన వృత్తి ధర్మానికి విరుద్ధం. "ఓఆర్‌ఆర్‌కి ఐదు నిమిషాలు సార్. మియాపూర్ మెట్రోకి పది నిమిషాలు. హైటెక్ సిటీకి ఇరవై నిమిషాలు" అన్నాడు. ఇవి ఎప్పుడు కొలిచారని అడిగాను. "లాక్‌డౌన్ల సార్" అన్నాడు. నిజాయితీపరుడు.

ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఊరి చుట్టూ అంత పొడవున తిరిగిన రోడ్డుకు పక్కన ఉండటం విశేషమేమీ కాదు. ఊళ్లోంచి ఎటు పరిగెత్తినా చివరికి వెళ్లి దాన్నే గుద్దుకుంటాం. అసలు లెక్క ఎక్కే దారి ఎక్కడుందన్నది. ఇంటర్‌ఛేంజి దగ్గర్లో లేకపోతే లారీల చప్పుడు మనకు మిగులుతుంది, ప్రయాణం వేరేవాళ్లు చేస్తారు. మెట్రో సంగతీ అంతే. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైన దగ్గర్నుంచి ఈ వైపు బ్రోషర్లలో ఒక రైలు బొమ్మ తప్పనిసరైంది. బ్రోషర్లో రైలు మన గుమ్మం దాకా వస్తుంది. బయట మాత్రం స్టేషన్ దాకా షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ మనమే వెళ్లాలి.

మామగారు ఇల్లు చూడ్డానికి వస్తారు గానీ ఇంట్లోకి రారు. గేటు ముందు నిలబడి, చేతిలో సీసాలోని నీళ్లు రోడ్డు మీద ఒంపి, అవి ఎటు పోతాయో చూస్తారు. రోడ్డు వైపు పోతే సరే. గేటు వైపు వచ్చాయా, "పదండి అల్లుడుగారూ" అని వెళ్లి కార్లో కూర్చుంటారు. ఇటాలియన్ మార్బులూ మాడ్యులర్ కిచెనూ చూపించడానికి లిఫ్టు పట్టుకుని నిలబడ్డ ఏజెంటు, గుక్కెడు నీళ్లకు బేరం పోయిందేమిటా అని అయోమయంగా చూసేవాడు.

ఒకచోట అపార్ట్‌మెంటు పేరులోనే లేక్ వ్యూ ఉంది. ఐదో అంతస్తు బాల్కనీకి తీసుకెళ్లి మాకు చెరువు చూపించారు. మామగారు మాత్రం గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉండిపోయి, అక్కణ్నుంచి చూశారు. అక్కణ్నుంచీ కనిపించింది. "అయితే చెరువుకి కూడా మనం కనిపిస్తాం" అన్నారు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్ జోన్‌గా వదలాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువులు పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి. అయినా ఎఫ్‌టీఎల్ అనేది మామగారిలాంటి వాళ్ల గొడవగానే ఉండేది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి బుల్డోజర్లు కదిలాక టీ కొట్టు దగ్గర కూడా అదే చర్చ. అలాగని చెరువంటే దూరం పారిపోనక్కర్లేదు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడికి ఫ్లెమింగోలు కూడా వస్తుంటాయి. పిల్లాడికి పక్షుల్ని ఫోన్లో కాకుండా ఆకాశంలో చూపించగలిగితే అంతకంటే ఏం కావాలి అన్నాను. మామగారు కాదనలేదు. "చెరువు పక్కన ఉండాలి అల్లుడుగారూ. చెరువులో ఉండకూడదు" అన్నారు.

తాగే నీళ్ల దగ్గర ఆయన ఇంకా కర్కోటకుడు. ఈ వైపు నీళ్లు మూడు రకాలు: మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు. "వాటర్ ప్రాబ్లం అస్సలు లేదు" అన్నారంటే ఫోన్ చేస్తే ట్యాంకరు వస్తుందని భావం. మామగారు జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి కుళాయి నీళ్లలో ముంచుతారు. తాగునీటిలో కరిగిన లవణాలకు మన జాతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా సర్దుకోవచ్చు. ఒకచోట మీటరు 1400 చూపించింది. ఆయన డైరీ తీసి, ఆ అపార్ట్‌మెంటు పేరు ఎదురుగా 'దిక్కులేని కేటగిరీ' అని రాసుకున్నారు. బోరు సంగతి మే నెలలో అడగాలనీ, డ్రైనేజీ సంగతి ఆగస్టులో చూడాలనీ ఆయన సిద్ధాంతం. మనం ఇళ్లు చూసేదేమో ముహూర్తాలున్న కార్తీకంలో, మాఘంలో. ఆ నెలల్లో ఏ కాలనీ అయినా కాశ్మీరులాగే ఉంటుంది.

మా అమ్మ పద్ధతి వేరు. ఆవిడ తలెత్తి, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూసుకుంటూ నడుస్తుంది. చిన్నచిన్న యూనిఫాంలు ఆరుతుంటే పిల్లలున్న వీధి. వాటి పక్కన నేత చీరలూ లుంగీలూ కూడా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లున్నారు, అంటే మిట్టమధ్యాహ్నం కూడా వీధిలో మనిషి అలికిడి ఉంటుంది. అన్నీ టీషర్టులే అయితే హాస్టలు. అసలేమీ లేకపోతే, రేటు పెరుగుతుందని కొని తాళం వేసుకుపోయిన వాళ్ల బిల్డింగు. ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని రూలు పెట్టారు. "ఎలివేషన్ పాడవుతుంది ఆంటీ" అన్నాడు సేల్స్ కుర్రాడు. "బట్టలు ఆరేసుకోవడానికి లేకపోతే అది ఇల్లెలా అవుతుంది నాయనా, చీరల షోరూమ్ అవుతుంది గానీ" అని మా అమ్మ చెప్పులేసుకుంది.

మా ఆవిడ ఎక్కడికెళ్లినా ముందు మెడికల్ షాపుకెళ్తుంది. పిల్లల జ్వరం సిరప్ ఒకటి కొని, "ఇక్కడ ఎక్కువగా ఏం అమ్ముడవుతాయండీ?" అని మాట కలుపుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అన్నారంటే నీళ్లు బాగోలేవు. దోమల కాయిల్స్ అంటే నాలా దగ్గర్లో ఉంది. దగ్గు మందులంటే పక్కన ఇంకో పదేళ్లు సాగే కన్‌స్ట్రక్షన్ ఉంది. ఒకాయన "చెవుల్లో పెట్టుకునే దూది మేడమ్" అన్నాడు. బయటికొచ్చి చూస్తే ఎదురుగా ఫంక్షన్ హాలు. నివాస ప్రాంతాల్లో చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాలు బరాత్ ముందు నిలబడి ఎవరైనా చదివినా డీజే చప్పుడులో వినపడవు. ఈ పరిశోధన వల్ల మాకు ఏరియాలన్నీ తెలిశాయి, ఇంట్లో వీధికి సరిపడా జ్వరం సిరప్ పోగైంది.

బడి వెతకడం నా వాటాకొచ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నియమాలు. బాచుపల్లి వైపు దానికి ఢోకా లేదు, ఏ సందులోంచి తొంగిచూసినా ఒక స్కూలు హోర్డింగ్ కనిపిస్తుంది. ఎల్‌కేజీ నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెప్పని బడి, మట్టి మైదానం ఉన్న బడి కావాలంటేనే బస్సెక్కాలి. ఆ బస్సు ప్రతి కాలనీలో ప్రతి గేటునూ పలకరించి వెళ్తుంది. నడిస్తే పావుగంట పట్టే బడికి పిల్లలు ముక్కాలు గంట ప్రయాణం చేస్తున్నారు. "నడిపించి తీసుకొస్తాం మేడమ్" అన్నాను ప్రిన్సిపాల్‌గారితో. "ఎక్కడ నడుస్తారు సార్?" అన్నారావిడ. నిజమే. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద వరసగా ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక పానీపూరీ బండి, ఎవరిదో బుల్లెట్టు ఉన్నాయి.

ఇన్ని బాధలెందుకని గేటెడ్ కమ్యూనిటీలు కూడా చూశాం. క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, రబ్బరు నేల పరిచిన కిడ్స్ ప్లే ఏరియా, అన్నీ ఉన్నాయి, కిడ్స్ తప్ప. సాయంత్రం పూట జారుడుబల్ల మీద జారుతున్నది వాచ్‌మన్ పిల్లలిద్దరే. మిగతావాళ్లు అబాకస్ క్లాసులో ఉన్నారట. భద్రత విషయంలో వంక పెట్టడానికి లేదు. గేటు దగ్గర మా పేర్లు, ఫోన్ నంబరు, ఫొటో తీసుకుని, యాప్‌లో అనుమతి వచ్చాకే లోపలికి పంపారు. లోపల అరగంట తిరిగాం. లిఫ్టులో ఎక్కినవాళ్లు ఎక్కారు, దిగినవాళ్లు దిగారు. మీరెవరని ఒక్క మనిషీ అడగలేదు. మావాడు ఫౌంటెన్ గోడెక్కి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచినా ఎవరూ దిగమనలేదు. వాడికి ఆ కమ్యూనిటీ చాలా నచ్చింది.

ఆ మర్నాడే ప్రగతినగర్ వైపు ఒక పాత కాలనీకి వెళ్లాం. ఎలివేషన్ లేదు, క్లబ్ హౌస్ లేదు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి. మేం కారు దిగీ దిగకముందే ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి, "ఎవరు కావాలె సార్?" అన్నాడు. నాలుగడుగులు వేశామో లేదో మేడ మీంచి ఒకావిడ "టులెట్ చూడ్డానికొచ్చారా? దాంట్లో గాలాడదు, ఆ పక్క గేటు అడగండి" అంది. కిరాణా కొట్టాయన మేం ఏ ఊరివాళ్లమో, ఇంటిపేరేమిటో, మా ఆవిడ ఉద్యోగం చేస్తుందో లేదో నిమిషంలో తేల్చేశాడు. అంతలో ఒక కుర్రాడు రెండు చేతులూ వదిలేసి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. "ఏయ్ చింటూ, హ్యాండిల్ పట్టుకో! మీ డాడీకి చెప్తా" అని ఇస్త్రీ ఆయన అరిచాడు. పిల్లాడు ఠక్కున హ్యాండిల్ పట్టుకున్నాడు. మావాడు కూడా నా వేలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక్కడ ప్రైవసీ ఉండదు" అన్నాను కారెక్కాక. ఇలాంటి వీధుల సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు మా తెనాలిలో నేను క్లాసెగ్గొట్టి మ్యాట్నీకి వెళ్తే, ఇంటర్వెల్ కాకముందే కబురు ఇంటికి చేరేది. అలాంటి కళ్లు తప్పించుకోవడానికే కదా పట్నం వచ్చాం?

"కబురు చేరేది కాబట్టే అత్తయ్యగారు నిశ్చింతగా ఉండేవారు" అంది మా ఆవిడ. వెనక సీట్లోంచి మా అమ్మ, "నిశ్చింతేం కాదులే, తలుపు చాటున చీపురు పట్టుకుని నిలబడేదాన్ని" అంది.

ఆలోచిస్తే మా ఆవిడ మాటే సబబనిపించింది. నీళ్లు బాగోలేకపోతే ఫిల్టరు పెట్టించుకోవచ్చు. కరెంటు పోతే ఇన్వర్టరు. దోమలకు మెష్. మన పిల్లాడు గోడెక్కితే దిగమని అరిచే హక్కు తనకుందనుకునే మనిషి మాత్రం ఏ షాపులోనూ దొరకడు. సీసీ కెమెరా చూస్తుంది గానీ మందలించదు. వాచ్‌మన్ మందలిద్దామనుకున్నా ఉద్యోగం పోతుందని ఊరుకుంటాడు. నలుగురూ మన విషయాల్లో తలదూర్చడం మనకు చిరాకే. ఆ తలదూర్చేవాళ్ల మధ్యే పిల్లలు క్షేమంగా తిరుగుతారు. మన ప్రైవసీ, వాళ్ల క్షేమం, రెంటిలో ఏదో ఒకటి కొంత వదులుకోక తప్పదు.

ఓటింగులో ఆ కాలనీ నెగ్గింది. మామగారు సీసాడు నీళ్లు ఒంపి, వాలు రోడ్డు వైపే ఉందని సంతకం పెట్టారు గానీ కొనడానికి ఒప్పుకోలేదు. "ముందు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని అద్దెకుండండి అల్లుడుగారూ. అందులో ఒక మే, ఒక ఆగస్టు ఎలాగూ వస్తాయి" అన్నారు.

ఇల్లు వెతుకుతున్న తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. ఫేసింగు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఓ సాయంత్రం ఆ వీధిలో ఊరికే నడవండి, వీలైతే వానలో. ఎవరైనా మిమ్మల్ని ఆపి, పై నుంచి కింది దాకా చూసి, "ఎవరు కావాలి మీకు?" అని అనుమానంగా అడిగితే కోప్పడకండి. వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయండి.