గాలిమేడ పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
కొంచె మటు జరుగుము కోమలీ! నీ వెన్క
గాలిమేడ గలదు గాంచవలయు
ఫోటొ యొకటి చాలు పోదము తర్వాత
బస్సు కదలులోగ వత్తు నేను

అవతారిక: ఒకానొక గృహస్థు భార్యాసమేతుడై జైపూరు యాత్రకు పోయి, బడీ చౌపడ్ దగ్గర టూరు బస్సు దిగి, సెల్‌ఫోను పైకెత్తి పలికిన మాటలివి.

టీక: కోమలీ = ఓ సుకుమారీ! ఇంట్లో "ఏమేవ్" అని కేక వేయువాడు వీధిలో ఇట్లు సంబోధించుటచేత కార్యార్థి యని తెలియుచున్నది. కొంచెము = ఫ్రేము పట్టునంత. ఇది అడుగుతో మొదలై ఎదుటి చెప్పుల దుకాణము మెట్లదాకా సాగుట కద్దు. గాలిమేడ = హవామహల్. 1799లో సవాయి ప్రతాప్ సింగ్ కట్టించినది, లాల్‌చంద్ ఉస్తాద్ రూపుదిద్దినది. అంతస్తులైదు, ఝరోఖాలు అనగా కిటికీలు 953.

నీ వెన్క = నీ వెనుక. ఇచట ఒక శంక. కోమలి వెనుక నున్నది మేడ ముఖమా, వీపా? వీపే. లోనికి పోవలసిన వాకిలి ఆవలి పక్కనున్నది. లోకమంతయు క్యాలెండర్లలో చూచి మురియుచున్నది వీధివైపు పెరటిగోడ. పైగా మీది మూడంతస్తులకు ఒక్క గది మందమే కలదు. వీపునకింత అలంకారమేల యన్నచో, రాణివాసపు స్త్రీలు ఊరేగింపులు చూడవలె, వారిని మాత్రము వీధి చూడరాదు. అందుకే ఆ జాలీలు, ఆ చిన్న చిన్న కంతలు. గాలి కూడ ఆ దారినే లోనికి వచ్చును. కట్టినది లోపలినుండి చూచుటకు. మన నాయకుడు టికెట్టు కొని లోపలికి పోయి ఒక్క కిటికీలోనుండియైన వీధిని చూచెనా? పద్యములో ఆ ప్రస్తావనయే లేదు.

ఫోటొ యొకటి = పెక్కు ఫోటోలు. ఏకవచనము ఇచట కేవలము ఓదార్పు. నిలువుగా ఒకటి, అడ్డముగా ఒకటి, ఆటో అడ్డము వచ్చినది ఒకటి, పావురము ఎగిరినది ఒకటి. తల పైకెత్తి తీసిన మేడ వెనక్కి వాలినట్లు పడును. దానిని నిలబెట్టుటకు ఎదుటి కేఫు మేడమీదికి ఎక్కవలెను, ఎక్కినందుకు కాఫీ కొనవలెను. మరియు ఈ గోడ తూర్పుముఖము. ఎండ దీనిమీద పొద్దున్నే పడును. టూరు బస్సు భోజనాలైన పిదప వచ్చును. ఈ చిక్కునకు ఏ వ్యాఖ్యాతయు సమాధానము చెప్పలేదు.

తాత్పర్యము: ఓ సుకుమారీ, నీవు తప్పుకొమ్ము, నాకు కిటికీలు కావలెను.

విశేషము: ఇదే నగరమును 19వ శతాబ్దిలో ఏలిన రెండవ సవాయి రామ్‌సింగ్ స్వయముగా ఫోటోగ్రాఫరు. 1876లో వేల్స్ యువరాజు రాకకు ఊరికి గులాబిరంగు వేయించినవాడు నితడే. ఆయన తన అంతఃపురస్త్రీలను కెమెరా ఎదుట కూర్చుండబెట్టి వారి ముఖములు తీసెను. పరదాలో నున్నవారిని ఆ రాజు ఫ్రేములోనికి తెచ్చెను. పక్కనే నిలిచిన ఇల్లాలిని ఈ గృహస్థు ఫ్రేములోనుండి పంపెను. అత్తవారింట ఆల్బము తెరిచినప్పుడు "ఇంతకూ మా పిల్ల వెళ్లిందా?" అను ప్రశ్న ఇందువలననే పుట్టును. కావున ఇందలి రసము అద్భుతమని కొందరందురు గాని, కోమలి పక్షమున చదివినవారికి రౌద్రమే.

పాఠాంతరము: నాలుగవ పాదమున "కదలులోగ" అనుచోట "కదలినాక" అనియు కలదు. గణయతులకు రెండును సరిపోవును. టూరు మేనేజరు రెండవదానినే గ్రహించెను.