బందెలదొడ్డి వంశవృక్షం

మా పెద్దనాయిన లెక్క ప్రకారం మా వంశం కాకతీయుల కోటలో పుట్టింది. రుజువేదని అడిగితే ఖిలా వరంగల్ దిక్కు చెయ్యి చూపిస్తాడు. అంత కోటను చూపించాక ఇంకా కాయితం అడగడం మర్యాద కాదని ఊరుకునేవాణ్ని.

పోయిన ఎండాకాలం ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే దూలం మీద ఒక రేకు డబ్బా దొరికింది. అందులో చెదలు దయతలచి వదిలిన ఉర్దూ కాయితం. మా తమ్ముడి కొడుకు ఫోన్‌తో ఫొటో కొట్టి, అక్షరాలు రాక అంకెలు మాత్రం చదివాడు: 1323.

పెద్దనాయిన మంచం మీంచి లేచాడు. ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లును గెలిచి ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి పంపిన ఏడు! సాయంత్రానికి మా ముత్తాత కోట దర్వాజ కాడ కత్తి పట్టి నిలబడ్డాడు. రాత్రి బువ్వలయ్యేసరికి సేనాపతి అయ్యాడు. కాకతీయ సేనాపతికి ఉర్దూ కాయితం ఎవరిచ్చారని నేనూ అడగలేదు. ఆశ నాకూ ఉంది కదా.

ఇంకో ఆధారం దొరికితే ఎదురుండదని తిరగడం మొదలుపెట్టాను. 1954-55 ఖాస్రా పహాణీలో మా తాత దొరికాడు, పేరున నాలుగెకరాలు ఉన్నాయి గనుక. ఆయన తండ్రి మాత్రం ఎక్కడా లేడు. పిచ్చకుంట్లవాళ్లు వస్తే గోత్రం, ఇంటిపేరు, తరాలు పాటగట్టి చెప్పేవాళ్లు. మా ఊరికి వాళ్ల రాక ఆగి ఏండ్లయింది. కాశీ పండాల చిట్టాల్లో వెతుకుదామంటే, మావాళ్లు జీవితంలో దాటిన పెద్ద నది ఊరి వాగే.

చివరికి మండిబజార్‌లో ఉర్దూ చదువుకున్న పెద్దాయన ముందు కాయితం పెట్టాను. అద్దాలు తుడుచుకొని చూశాడు.

"ఇది ఫసలీ సన్ బేటా. ఇంగ్లీషు సన్ కావాలంటే ఐదు వందల తొంభై కలుపు."

కలిపాను. 1913. ప్రతాపరుద్రుడు లేచి వెళ్లిపోయి, అప్పటికి గద్దెనెక్కి రెండేండ్లయిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వచ్చి కూర్చున్నాడు. మా సేనాపతి కత్తి అక్కడే జారిపోయింది.

"మరి ఇది దేని కాయితం చాచా?"

"బందెలదొడ్డి రసీదు."

మా ముత్తాత ఎద్దు పక్కవాళ్ల జొన్నచేన్లో పడి మేసింది. ఎనిమిదణాల హాలీ సిక్కా జుర్మానా కట్టి విడిపించుకున్నాడు. ఎద్దు గురించి వివరంగానే రాశారు: తెల్లది, కుడి కొమ్ము విరిగింది. ముత్తాతకు మిగిలినవి పేరు, తండ్రి పేరు, కింద ఒక వేలిముద్ర. నా బొటనవేలు దాని పక్కన పెట్టి చూశాను. నా వేలికి రెండింతలుంది. శిస్తు కడితేనో, తప్పు చేస్తేనో తప్ప సర్కారు ఎవరి పేరూ రాసుకోదు. ముత్తాత బుద్ధిమంతుడే. ఎద్దు తప్పు చేయబట్టి మాకు ఇంకో తరం కూడా దొరికింది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. పెద్దనాయిన చాలాసేపు మాట్లాడలేదు.

"చేను ఎవరిది?"

చెప్పాను. మా వాకిలి ఎదురుగా ఉన్నవాళ్లే. వాళ్ల పెండ్లికి మేం పోం, మా చావుకు వాళ్లు రారు. ఎందుకో రెండిండ్లలోనూ ఎవరికీ గుర్తులేదు.

పెద్దనాయిన మొహం వెలిగింది. "నేను చెప్పలే? కంచె ఏసుకోనిది వాళ్లు, పైసలు కట్టింది మనం!"