వారానికి నాలుగు సెకన్లు

"సార్, యానిమేషన్‌కి ఏ లాప్‌టాప్ తీసుకోమంటారు?"

అడిగే మనిషి మారతాడు, ఊరు మారుతుంది, ప్రశ్న మారదు. నిజాంపేట నుంచీ ఇదే, నరసరావుపేట నుంచీ ఇదే. మొన్న డాలస్ నుంచి మా తోడల్లుడి ఫ్రెండెవరో అర్ధరాత్రి ఫోన్ చేసి మరీ ఇదే అడిగాడు. బొమ్మని కదిలించడం ఎలా నేర్చుకోవాలని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. ర్యామ్ పదహారు సరిపోతుందా, ముప్ఫై రెండు ఉండాలా? గ్రాఫిక్స్ కార్డు ఎంతది? కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలగాలా? ఆ లైట్ల సంగతి మరీ గుచ్చిగుచ్చి అడుగుతారు. "ముందు ఒక పెన్సిలూ, ఒక తెల్లకాగితాల పుస్తకమూ కొనుక్కో నాయనా" అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత మెల్లిగా, "పెన్సిలంటే యాపిల్ పెన్సిలా సార్?"

సాఫ్ట్‌వేర్ దగ్గరా ఇదే గోల. 'ఫ్లో' అని ఒక సినిమా ఉంది. మాటల్లేవు, ఒక పిల్లి కథ. లాట్వియా దేశపు యువ దర్శకుడు తీశాడు. 2025లో ఆస్కార్ పట్టుకుపోయింది. అది చేసింది బ్లెండర్‌లో. బ్లెండర్‌ని పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దింపుకోవచ్చు. ఈ ముక్క నేను ఎంతో హుషారుగా చెబుతాను. తండ్రులకి నచ్చదు. "ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటుందండీ?" అని మొహం అదోలా పెడతారు. లక్షన్నర పెట్టి లాప్‌టాప్ కొని, అందులో ఫ్రీ సరుకు ఎక్కించడం వాళ్లకి నామోషీ.

ఆ లాప్‌టాప్ ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. నెల తిరక్కుండా తండ్రి ఫోన్ చేస్తాడు. "మావాడు అప్పుడే పెద్ద పనిలో పడ్డాడండీ. రోడ్లూ, కార్లూ, మేడలూ అన్నీ దించేశాడు. అచ్చం అమెరికాలా ఉంది. రాత్రి రెండింటిదాకా లేవడం లేదు." అది జీటీఏ అనే ఆట అనీ, ఆ రోడ్లు వేసింది వాళ్లబ్బాయి కాదనీ చెప్పడానికి నాకు నోరు రాదు. తండ్రీ కొడుకుల మధ్య మనం వేలు పెట్టకూడదు.

ఈ తాకిడికి సీజన్లున్నాయి. 2012లో 'ఈగ' వచ్చాక ఒక విడత. 2015లో 'బాహుబలి' జలపాతం చూశాక ఇంకో విడత. 2025లో 'మహావతార్ నరసింహ' హాళ్లు నింపేసరికి, నటులెవరూ కనపడకుండా కూడా సినిమా ఆడుతుందని తెలిసి, అప్పటిదాకా నన్ను 'కార్టూన్లు గీసుకునేవాడు' అన్నవాళ్లు కూడా నంబరు వెతుక్కుని ఫోన్ చేశారు. వీటన్నిటినీ మించింది ఇంటర్ రిజల్ట్స్ సీజన్. అప్పుడొచ్చే వాక్యం ఒక్కటే: "మావాడికి లెక్కలు ఎక్కవండీ, అందుకని యానిమేషన్‌లో వేద్దామనుకుంటున్నాం."

ఈ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరవండి, గ్రాఫ్ ఎడిటర్ అని ఒకటి ఉంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా విలువ, మధ్యలో వంపు తిరిగిన గీత. బొమ్మ చెయ్యి ఎప్పుడు వేగం పుంజుకోవాలో, ఎక్కడ నెమ్మదించాలో ఆ గీత వాలుని బట్టే ఉంటుంది. ఇక బట్ట రెపరెపలాడాలన్నా, నీళ్లు చిమ్మాలన్నా, జుట్టు ఎగరాలన్నా ఫిజిక్సూ, లెక్కలూ కలిసి కూర్చోవాల్సిందే. ఎంపీసీ నుంచి గోడ దూకి పారిపోయి వచ్చినవాడు సరిగ్గా ఎంపీసీ పెరట్లోనే పడతాడు. అడ్మిషన్ అయ్యేదాకా ఆ సంగతి వాడికెవరూ చెప్పరు.

మొన్న ఆదివారం వనస్థలిపురం నుంచి మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, కొడుకు చింటూని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఏ విషయమైనా మొదట్నుంచీ విచారిస్తారు.

"అసలు మీరు రోజుకి ఎంత సినిమా చేస్తారు బావగారూ?"

"పెద్ద సినిమా అయితే, బాగా చేసేవాడికి వారానికి నాలుగు సెకన్లు వస్తుంది. అయిదొస్తే ఆ వారం బాగున్నట్టు."

బావగారు టీ కప్పు కింద పెట్టారు. "వారానికి నాలుగు సెకన్లా? మరి మిగతా టైమంతా ఏం చేస్తారు?"

సెకనుకి 24 ఫ్రేములని చెప్పాను. నాలుగు సెకన్లంటే 96. ఒక్కో ఫ్రేములో కనుబొమ్మ దగ్గర్నుంచి కాలి బొటనవేలి దాకా సర్దాలని, సర్దినదాన్ని డైరెక్టరు చూసి 'ఇంకొంచెం ఫీల్ కావాలి' అంటాడని, ఆ ఫీల్ ఏమిటో ఆయనకీ తెలీదని, మళ్లీ మొదటికొస్తామని వివరించాను. ఆయన నోట్లో లెక్కవేసుకుంటున్నారు. "అంటే రోజుకి పంతొమ్మిది, ఇరవై బొమ్మలు. మా ఆఫీసులో అటెండరు ఇంతకంటే ఎక్కువ ఫైళ్లు కదుపుతాడు." పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నా వంక గౌరవంగా చూశారు. "నాలుగు సెకన్లకి వారం జీతం! గవర్నమెంటులో కూడా ఇంత సుఖం లేదు. ఒరేయ్ చింటూ, ఇదే ఖాయం చేసుకో."

చింటూ అప్పటికే ఖాయం చేసుకున్నాడు. వాడికి డ్రాగన్ కావాలి. అందరికీ డ్రాగనే కావాలి. కుర్రాళ్లు తమ పని చూపించడానికి నాకు పంపే షోరీళ్లు చూస్తే తెలుస్తుంది. మొదట కుర్రాడి పేరు మంటల్లో గిరగిరా తిరుగుతుంది, వెనక డప్పులు దద్దరిల్లుతాయి. తర్వాత డ్రాగన్. నోట్లోంచి వచ్చే మంట బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే అది ఎక్కడో రెడీమేడ్‌గా దొరికింది. ఆ డ్రాగన్ అడుగు తీసి అడుగు వేసిందంటే మాత్రం, నూనె ఒలికిన వంటింట్లో నడిచినట్టు కాళ్లు నాలుగూ జారిపోతుంటాయి. అంత కొండలాంటి జంతువుకి బరువే ఉండదు. అందుకే ఎవరొచ్చినా ముందు బంతితో మొదలెట్టమంటాను. డిస్నీ పెద్దలు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఈ విద్యకి పన్నెండు సూత్రాలు రాసిపెట్టారు. అందులో మొదటిది, వస్తువు నేలకి తగిలితే నొక్కుకుపోవాలి, ఎగిరితే సాగాలి అన్నది. రబ్బరు బంతి, క్రికెట్ బంతి, ఇనప గుండు. మూడూ పడితే, రంగు చూడకుండానే ఏది ఏదో తెలిసిపోవాలి. అంతే పరీక్ష. ఇది చెబితే కుర్రాళ్లు నన్ను ఎల్కేజీ మాస్టారిని చూసినట్టు చూస్తారు.

బంతి అయ్యాక నడక. కాలు నేలకి ఆనడం, ఒళ్లు కిందికి దిగడం, ఒక కాలు ఇంకో కాలిని దాటడం, ఒళ్లు పైకి లేవడం. ఈ నాలుగు భంగిమల్లో మనిషంతా దొరికిపోతాడు. "నడకలు ఎక్కడ చూడాలి మావయ్యా, యూట్యూబ్‌లోనా?" అన్నాడు చింటూ. పెళ్లికి వెళ్లమన్నాను.

పెళ్లిలో చూడాల్సింది పెళ్లికొడుకుని కాదు. విందు ముగించి, చెయ్యి కడుక్కోవడానికి లేచిన మనిషిని. ఈ భూమ్మీద ఎంగిలి చేతి నడకని మించిన నడక లేదని నా నమ్మకం. దీని మీద ఎవరితోనైనా వాదనకి సిద్ధం. చూడండి: ముందు లేవడమే ఒక ఘట్టం. వెనక కుర్చీ, ముందు బల్ల, కడుపులో పప్పూ, పులిహోరా, రెండు బూరెలూ, మీద గడ్డపెరుగు. ఎడం చెయ్యి బల్లకి ఆనుతుంది. కుడి మోచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోతుంది. అయిదు వేళ్లూ మొగ్గలా దగ్గరకొచ్చి కిందికి వాలతాయి. ఆ క్షణం నుంచీ ఆ చెయ్యి అతనిది కాదు. మనిషి కదులుతాడు, చెయ్యి కదలదు. మామూలు నడకలో ఎడం కాలు ముందుకెళ్తే కుడి చెయ్యి ముందుకెళ్లాలి కదా, ఆ కుడి చెయ్యి డ్యూటీలో లేదు. దాని వాటా ఊపు కూడా ఎడం చెయ్యే ఊపుతుంది. పొట్ట ముందు నడుస్తుంది, భుజాలు వెనక వస్తాయి. చూపు దారి మీద ఉండదు, పక్కనున్న పట్టుచీరల మీద ఉంటుంది. మచ్చ పడితే జన్మంతా మాట పడాలి.

ఇంతలో ఫోన్ మోగుతుంది. ఎప్పుడూ కుడి జేబులోనే మోగుతుంది. ఎడం చెయ్యి పొట్ట చుట్టూ ప్రదక్షిణ చేసి కుడి జేబు చేరాలి. నడుము మెలి తిరుగుతుంది, కుడి భుజం పైకి లేస్తుంది, ఒక కాలు గాల్లోకొస్తుంది. వేళ్ల మొగ్గ మాత్రం చెక్కు చెదరదు. ఫోన్ తీసేలోపు ఎదురుగా వియ్యాలవారి తరఫు పెద్దమనిషి. నమస్కారం పెట్టాలి, చేతుల్లేవు. మెడ ఒక్కటే వంగుతుంది, కళ్లతో మిగతా నమస్కారం పూర్తి చేస్తాడు. కుళాయి దగ్గర క్యూ. అక్కడ మనిషి నిలబడిపోతాడు, వేళ్ల మధ్య మెతుకు ఎండిపోతుంది, ఫార్మాసిటీ దగ్గర గజం ఎంతుందో చర్చ సాగుతుంది, చెయ్యి అదే ఎత్తులో ఉంటుంది. ఎట్టకేలకు కడుక్కుంటాడు. తుడుచుకోవడానికేమీ ఉండదు, ఉన్నట్టుండి తన జుట్టు మీద ప్రేమ పుట్టి వెనక్కి దువ్వుకుంటాడు. ఇక తిరిగొచ్చే నడక చూడాలి! అదే మనిషి, అదే పొట్ట. భుజాలు దిగాయి, చేతులు రెండూ బారగా ఊగుతున్నాయి, అడుగులు తిన్నగా కిళ్లీల బల్ల వైపు పడుతున్నాయి. పన్నెండు సూత్రాలూ ఆ ఇరవై గజాల్లో ఉన్నాయి.

బఫేలొచ్చి ఈ విద్యని పాడుచేశాయి. ఎడం చేతిలో పళ్లెం ఉంటే ఆ చేతికి ఊపేముంటుంది? స్పూనుతో తినేవాళ్ల నడకలో అసలు కథే లేదు. అందుకని దొరికినప్పుడే భద్రం చేద్దామని ఒక పెళ్లిలో ఒకాయన్ని ఫోన్‌లో తీస్తుంటే, ఆయన ఆగిపోయాడు. క్యాటరింగ్ తరఫున ఇస్తరాకులు లెక్కపెట్టే మనిషిననుకున్నాడు పాపం. "నేను ఒక్క బంతిలోనే కూర్చున్నానండీ" అని సంజాయిషీ ఇచ్చాడు.

ఇదంతా నేను లేచి, హాల్లో నడిచి, ఫోన్ తీసి, మెడ వంచి చేసి చూపించాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. చింటూ చివరిదాకా శ్రద్ధగా చూసి అడిగాడు: "సూపర్ మావయ్యా. దీనికి ఏఐలో ప్రాంప్ట్ ఏం కొట్టాలి?"

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది నోటిదాకా వచ్చేలోపే చల్లారిపోయింది.

మేమంతా ఈ రంగంలోకి డ్రాగన్ మీదెక్కి రాలేదు. రోటోలో వచ్చాం. హీరో ఒంటి అంచు వెంబడి ఫ్రేము తర్వాత ఫ్రేము గీత గీసి, అతన్ని వెనకున్న దృశ్యం నుంచి విడదియ్యడం. తీగలు చెరపడం, మచ్చలు తుడవడం. ఫ్లైషర్ అనే ఆయన 1915లో రోటోస్కోప్ కనిపెట్టినప్పటి నుంచీ అది విసుగు పుట్టించే పనే. విసుగు గనకే విదేశాల వాళ్లు మనకి పంపారు. ఆ విసుగే మాకు అద్దె కట్టింది, కన్నుకి పదును పెట్టింది. రెండేళ్లు అంచులు గీస్తే మనిషి ఒళ్లు ఎలా కదులుతుందో చేతికి తెలిసిపోయేది. ఆ తర్వాతే ఎవరో ఒకరు లోపలి గదిలోకి పిలిచేవారు. ఇప్పుడు యంత్రం ముందుగా నేర్చుకుంటున్నవాటిలో ఆ పనే ఉంది. మొదటి మెట్టు తీసేశాక మూడో మెట్టు గురించి నేనెంత చెబితే ఏం లాభం?

పై మెట్టు మీద ఉన్నవాళ్లైనా స్థిమితంగా ఉన్నారా అంటే అదీ లేదు. అప్పట్లో హైదరాబాదులో కూడా శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ అనే గ్రాఫిక్స్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో 'లైఫ్ ఆఫ్ పై'లో పులికి ప్రాణం పోసినందుకు ఆస్కార్ అందుకుంది. వేదిక మీద ఆ కంపెనీ కష్టం చెప్పబోతే 'జాస్' సినిమా సంగీతం పెట్టి మైకు కోసేశారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కంపెనీ కూలితే బెంగళూరు, ముంబైల్లో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లందరికీ బంతి వచ్చు, నడక వచ్చు. పని రాక పోయిన ఉద్యోగాలు కావవి. ఈ కుర్రాళ్లు లోపల్లోపల అడగాలనుకునేది ఒకటే, "నాకు పని దొరుకుతుందా?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబున్న ప్రశ్నలు పాపం షాపువాడికి వదిలెయ్యకుండా నన్నడుగుతున్నారు, అంతే.

ఆ మాటే బావగారికి చెప్పాను. భయపెట్టకుండా, దాచకుండా, ఉన్నదున్నట్టు. వాడి చెయ్యి ఊరుకోలేక గీస్తుంటే గీయనివ్వండి, చదువు మాత్రం వేరే ఒకటి చేతిలో ఉండనివ్వండి, ఫీజు కట్టేముందు ఆ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లు ఏ సినిమాల్లో ఏ షాట్లు చేశారో అడగండి అన్నాను. ఆయన ఫైలు చూసినంత నిదానంగా అంతా విన్నారు. కొడుకు వంక ఒకసారి, కిటికీ వంక ఒకసారి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"నిజమే బావగారూ. మీరు చెప్పిందంతా నిజమే. కాకపోతే ఫస్ట్ టర్మ్ ఫీజు మొన్న శుక్రవారమే కట్టేశాం. మీ పేరు చెబితే సెకండ్ టర్మ్‌లో ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కుందామని వచ్చాం."