పైసా ఖర్చు లేని సత్కారం

శాలువా కప్పాలంటే ముందు శాలువా కొనాలి. విగ్రహం పెట్టాలంటే కూడలి వెతకాలి, కంచు పోయించాలి, ఆవిష్కరణకు ఢిల్లీ నుంచి పెద్దాయన్ని రప్పించాలి. ఇళ్ల పట్టాల ఊసెత్తితే తహసీల్దారు దగ్గర మొదలై హైకోర్టులో తేలుతుంది. ఈ యాతనలేవీ లేకుండా ఒక కులాన్నో, ఒక ప్రాంతాన్నో నిండుగా సత్కరించే కిటుకు ఉత్తరాది ప్రభుత్వాలకు బాగా పట్టుబడింది. సెలవు ప్రకటించడం! అరఠావు కాగితం, గవర్నరు గారి పేరుతో ఒక వాక్యం, కింద ఓ సంతకం. ఖజానా తాళం తియ్యక్కర్లేదు. సాయంత్రానికల్లా సంఘం పెద్దలు బంతిపూల దండతో ముఖ్యమంత్రి బంగళా గేటు దగ్గర ఉంటారు.

ఇచ్చేది ఎవరి సొత్తో చూడండి. రేషన్ కార్డు కోసం ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవాడి రోజు. బడికెళ్లే పిల్లాడి రోజు. అత్త సొమ్ము అల్లుడి దానం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

పండగలతో నాకు తగువు లేదు. దీపావళికి ఆఫీసు తెరిచి కూర్చోమనడానికి నేనేం దొరగారి గుమాస్తాను కాను. నా తగువల్లా "మీ మహానుభావుడి పేరిట సెలవిచ్చేశాం, మీ రుణం తీరిపోయింది" అనే ధోరణితో. ఆ ధోరణి తలపాగా చుట్టుకుని ఊరేగే కాలం శరదృతువు. 2025 అక్టోబరు క్యాలెండరే తీసుకోండి. 2న దసరా, 7న వాల్మీకి జయంతి, 10న కర్వా చౌత్, 20న దీపావళి, 22న గోవర్ధన పూజ, 23న భాయీ దూజ్, 27 సాయంత్రం ఛఠ్ అర్ఘ్యం, 31న పటేల్ జయంతి. (మనకు దీపావళి ఆశ్వయుజ అమావాస్య, వాళ్లకు కార్తీక అమావాస్య. నెల పేరు విషయంలోనే ఏకాభిప్రాయం లేని దేశంలో సెలవుల జాబితా తయారుచేసే గుమాస్తాకు నా సానుభూతి.) ఆ నెల మొదట్లోనే ఉద్యోగుల లోకానికి పిడుగుపాటు ఒకటి తగిలింది. విజయదశమి వెళ్లి సరిగ్గా గాంధీ జయంతి మీద కూర్చుంది. రెండు సెలవులు ఒకటయ్యాయి. ఆ సాయంత్రం మైదానాల్లో రావణుడి పది తలలూ కాలుతుంటే కొందరి కళ్లు చెమర్చింది పొగకు కాదనుకుంటాను. పాపం, లాల్ బహదూర్ శాస్త్రి పుట్టింది కూడా ఆ రోజే. ఆయనకు మామూలు ఏడాదుల్లోనే సగం వాటా దక్కదు.

లక్నో సచివాలయంలో పనిచేసే మిత్రుడొకాయన ఫోన్లో నాకు లెక్క విడమరిచి చెప్పాడు. "చూడండి భాయీసాబ్, 18, 19 శని ఆదివారాలు. 20 దీపావళి. 21కి ఒక సీఎల్. 22, 23 ఎలాగూ సెలవే. 24కి ఇంకో సీఎల్. మళ్లీ శని ఆదివారాలు. రెండు సీఎల్‌లు పెడితే తొమ్మిది రోజులు!" ఆయన శాఖలో ఫైళ్లు కదలవని ఎవరన్నారు? ఇంత చురుకైన లెక్క నేను బడ్జెట్ పత్రాల్లో కూడా చూడలేదు. 23న భాయీ దూజ్‌తో పాటు చిత్రగుప్త జయంతి కూడా. కాయస్థులు ఆ రోజు కలానికీ సిరాబుడ్డికీ పూజ చేస్తారు, అంతవరకు కలం ముట్టరు. మన పాపాల చిట్టా రాసే దేవుడి పేరిట ఉత్తరప్రదేశ్ సర్కారు ఆఫీసులు మూస్తుంది. అన్ని సెలవుల్లోకీ ఇదొక్కటే ఆఫీసులకు అచ్చంగా తగినదని నా అభిప్రాయం.

ఈ సత్కారంలో తరగతులు కూడా ఉన్నాయండోయ్. మామూలు సెలవంటే బళ్లూ ఆఫీసులూ మూస్తారు. బ్యాంకులు కూడా మూతపడాలంటే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 25వ సెక్షన్ కింద ప్రకటించాలి. ప్రామిసరీ నోటు గడువు సెలవు రోజున పడితే అంతకు ముందు పనిదినానే చెల్లించాలని చెప్పే సెక్షన్ అది. ప్రామిసరీ నోట్ల గడువు తేల్చడానికి తెల్లదొర రాసుకున్న ఆ ముక్క నేడు మన మహాపురుషుల ఎత్తు కొలిచే బద్ద అయింది. బడి మాత్రమే మూయించగలిగితే చిన్న మహాపురుషుడు, చెక్కును కూడా ఆపగలిగితే పెద్ద మహాపురుషుడు. కర్వా చౌత్ నాడు సిమ్లాలో బ్యాంకులకు సెలవు. భార్య నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటుంది, భర్త ఆయుష్షు పెరుగుతుంది, డిమాండ్ డ్రాఫ్టు ఆగిపోతుంది. మూడింటికీ సంబంధం ఏమిటని అడిగితే 25వ సెక్షన్ చూపిస్తారు.

ఇక దీపావళి ఏ రోజన్న పేచీ. అమావాస్య రెండు సాయంత్రాల మీద అడ్డంగా పడుకున్నప్పుడు పంచాంగకర్తలు రెండు జట్లవుతారు. 2024లో అక్టోబరు 31 అని కాశీ పండితులు, కాదు నవంబరు 1 అని మరికొందరు. యూపీ సర్కారు శాస్త్రం జోలికి పోలేదు, రెండు రోజులూ సెలవిచ్చేసింది. తగవు తీర్చడానికి ఇంతకన్నా సుఖమైన మార్గం తర్కశాస్త్రంలో దొరకదు. కేంద్రం మాత్రం ఈ విషయంలో మన దక్షిణాదిని తలుచుకున్న మాట నిజం. నరక చతుర్దశి నాడే పండగ చేసుకునే రాష్ట్రాల్లో దీపావళి సెలవును ఆ రోజుకు జరుపుకోవచ్చని ఏటా తన సర్క్యులర్‌లో ఓ పేరా రాస్తుంది. ఉన్న సెలవును జరుపుకోమంటుందే గాని ఇంకోటి ఇవ్వదు. అందుకే కేంద్రానికి దండలు వెయ్యడానికి ఎవరూ రారు.

అసలు కథ 2017లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి సెలవు రోజున, కొత్తగా గద్దెనెక్కిన యోగీ ఆదిత్యనాథ్ మహానుభావుల పేరిట బళ్లు మూయడం సరికాదన్నారు. 220 రోజులు నడవాల్సిన బడి సెలవుల పుణ్యమా అని 120 రోజులకు దిగుతోందని లెక్క చెప్పారు. పిల్లల్ని బడికి రప్పించి ఆ మహానుభావుడి గురించి రెండు గంటలు చెప్పండి అన్నారు. ఆ మాట మీద నేను నూటికి నూరుపాళ్లు ఆయన పక్షమే. అంతకు ముందు పాలించినవాళ్లు ఒక్కో కులానికి ఒక్కో తారీఖు పంచుతూ పోయారు కదా, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపాలి. పదకొండు రోజుల్లో మంత్రివర్గం 15 సెలవులు కొట్టేసింది. శరదృతువులో పడేవే అందులో ఎన్నో: పనిముట్ల దేవుడు విశ్వకర్మ పూజ, నవరాత్రుల తొలిరోజు వచ్చే అగ్రసేన్ జయంతి, వాల్మీకి జయంతి, ఛఠ్, అక్టోబరు 31న పటేల్, ఆచార్య నరేంద్రదేవ్‌ల ఉమ్మడి జయంతి.

ఈ ఉమ్మడి వ్యవహారం దగ్గర కాసేపు ఆగాలి. ఒకరు సర్దార్, ఇంకొకరు సోషలిస్టు. కాంగ్రెస్ పార్టీలో ఒకరంటే ఒకరికి పడని వర్గాలు. పుట్టిన తేదీ ఒకటైన పాపానికి ఇద్దర్నీ ఒకే సెలవులో కుక్కారు. చివరికి ఇద్దర్నీ ఒకేసారి ఖాళీ చేయించారు. ఆ మరుసటి ఏడాదే, 2018 అక్టోబరు 31న, యోగీ పార్టీకే చెందిన ప్రధాని నర్మదా తీరాన 182 మీటర్ల సర్దార్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. గుజరాత్‌లో ఆకాశమంత, యూపీలో ఆ రోజు ఆఫీసుకు రావాల్సిందే. ఇది తప్పంటానా? పటేల్ బతికుంటే రెండో దాన్నే మెచ్చుకునేవాడేమో. తప్పేమిటంటే ఆ సూత్రం మీద నిలబడలేకపోవడం. 2025లో వాల్మీకి జయంతికి యూపీలో మళ్లీ సెలవు వచ్చింది, అక్టోబరు 7న. ఎనిమిదేళ్లలో పిల్లల చదువులు పూర్తయిపోయినట్టున్నాయి.

వాల్మీకి పేరుతో మన రాయలసీమలోనూ పెద్ద సంఖ్యలో జనం ఉన్నారు. వాల్మీకి బోయలు. తమను ఎస్టీల్లో చేర్చమని దశాబ్దాలుగా అడుగుతున్నారు, అసెంబ్లీ తీర్మానాలు ఢిల్లీ వెళ్తూనే ఉన్నాయి. వాళ్లు వేరు. ఉత్తరాదిలో వాల్మీకులంటే తరతరాలుగా ఊళ్ల మురికి ఎత్తుతున్న దళితులు. గాంధీ 1946-47లో ఢిల్లీలో బస చేసింది వాళ్ల బస్తీలోనే. 2014 అక్టోబరు 2న ప్రధాని చీపురు పట్టి స్వచ్ఛ భారత్ మొదలుపెట్టిందీ అక్కడే. ఆ రోజు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్ని గాంధీ జయంతి సెలవైనా ఆఫీసుకు రప్పించి పరిశుభ్రత ప్రతిజ్ఞ చేయించారు. ఉద్యోగులకు అదొక చేదు జ్ఞాపకం. బస్తీవాసులకు మాత్రం ఏ ప్రతిజ్ఞా అక్కర్లేదు, మర్నాడు ఊడ్చేది ఎలాగూ వాళ్లే.

మరి 2025 అక్టోబరు 7 నాటి వాల్మీకి జయంతి సెలవు ఎవరికి దక్కింది? సచివాలయంలో నా మిత్రుడికి దక్కింది. ఆయన ఆ రోజు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. హెడ్మాస్టరుకు, రెవెన్యూ గుమాస్తాకు దక్కింది. నగరపాలికలో చీపురు పట్టే చేతుల్లో చాలాభాగం ఠేకా (కాంట్రాక్టు) కింద, ఔట్‌సోర్సింగ్ కింద పనిచేసేవి. హాజరు పడితేనే కూలి. పైగా పారిశుద్ధ్యం అత్యవసర సేవ కదా, ఊరు సెలవు పుచ్చుకున్న కొద్దీ వీధిలో చెత్త పెరుగుతుంది. ఆ నెల 19న అయోధ్య సరయూ ఘాట్లలో 26 లక్షల పైచిలుకు ప్రమిదలు వెలిగించి గిన్నిస్‌కెక్కారు. వెలిగించడానికి వేల మంది వాలంటీర్లు, లెక్కపెట్టడానికి డ్రోన్లు. మర్నాడు నూనె జిడ్డుతో సహా ఆ ప్రమిదలన్నీ ఏరి ఎత్తడానికి ఏ గిన్నిస్ పుస్తకంలోనూ పేజీ లేదు. తమ ఆదికవి పుట్టినరోజున ఆ చీపురు పట్టేవాళ్లు ఇంట్లో కూర్చోవచ్చని ఎవరైనా చెప్పారా? మురుగు కాలవలో దిగి చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలు చాలవు, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తీర్పు కూడా అక్టోబరులోనే, 20న. అక్కడ డబ్బు తియ్యాలి, యంత్రాలు కొనాలి, కాంట్రాక్టరును జైల్లో పెట్టాలి. ఇక్కడ అరఠావు కాగితం చాలు. ఏది ముందు కదులుతుందో చెప్పడానికి చిత్రగుప్తుడు అక్కర్లేదు.

ఢిల్లీలో ఇదే నాటకం ఛఠ్ పేరిట నడుస్తుంది. పూర్వాంచల్ (తూర్పు యూపీ), బిహార్ నుంచి వచ్చిన ఓటర్లు అక్కడ లక్షల్లో ఉన్నారు. 2024లో నవంబరు 7కు పూర్తి సెలవివ్వమని లెఫ్టినెంట్ గవర్నరు ముఖ్యమంత్రి ఆతిశీకి లేఖ రాశారు. వెంటనే ఆమె ప్రకటించారు. ఏ ఫైలు మీదా ఒక్కమాట మీద నిలవని రెండు బంగళాలు ఒక్క సెలవు మీద భుజాలు కలిపాయి, ఆ ఘనత నాదంటే నాదని తోసుకున్నాయి కూడా. సరే, సెలవొచ్చింది. ఛఠ్‌కు కావలసింది నది. నడుముల్లోతు నీళ్లలో నిలబడి, చేటలో ఠేకువాలు, చెరకు గడలు పెట్టుకుని, అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వాలి. ముప్ఫై ఆరు గంటలు నీళ్లు ముట్టని ఆడది ఆ నీళ్లలో దిగాలి. యమున చూస్తే కాళింది కుంజ్ దగ్గర సబ్బు నురగ కప్పుకుని తెల్లగా కూర్చుంది. గీతా కాలనీ ఘాట్‌లో అర్ఘ్యం ఇచ్చుకుంటామని భక్తులు హైకోర్టుకు వెళ్తే, ఆ నీళ్లలో దిగితే జబ్బు పడతారని కోర్టు కాదంది. రోజు ఇచ్చారు, నది ఇవ్వలేదు. 2025లో ప్రభుత్వం మారింది, కొత్త ముఖ్యమంత్రి అక్టోబరు 27న మళ్లీ సెలవిచ్చారు. ఈ ఒక్క విషయంలో పాలన అవిచ్ఛిన్నంగా సాగుతోంది.

ఆ సెలవు కూడా అసలు వ్రతం పట్టేవాళ్లకు అందేది తక్కువే. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌కు, కట్టడాల దగ్గర ఇటుకలు మోసేవాడికి, నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి గెజిట్‌తో పనేముంది? వాళ్లకు కావలసింది పాట్నా బండిలో ఒక్క సీటు. పండగ సీజన్‌కు 12,000 ప్రత్యేక రైళ్లు వేస్తున్నామని రైల్వే చెప్పింది, సంతోషం. జనరల్ బోగీలో మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని నిలబడ్డవాణ్ని ఒకసారి అడగండి, ఢిల్లీ సర్కారు ప్రకటించిన సెలవు ఏ స్టేషన్లో అందిందో.

మనమేం తక్కువ తిన్నామా అంటే, తినలేదు. తెలంగాణ వచ్చాక బతుకమ్మకు సెలవు వచ్చింది. పువ్వులు కోసి, పేర్చి, మోసి, చెరువులో వదిలేది ఆడవాళ్లు. కూర్చుని టీవీ చూసేది మగవాళ్లు. ఇద్దరికీ సెలవు ఒకే జీవోలో వచ్చింది. దాని మీద తెలంగాణ అక్కచెల్లెళ్లు నాకన్నా బాగా రాస్తారు, నేను తప్పుకుంటాను.

ఉత్తరాది ముఖ్యమంత్రులకు నాదొక విన్నపం. సెలవు ఇవ్వొద్దని కాదు. వచ్చే వాల్మీకి జయంతి ఉత్తర్వులో ఇంకొక్క వాక్యం చేర్చండి: ఠేకా సఫాయి కార్మికులకు ఆ రోజు కూలితో కూడిన సెలవు, ఊడ్చే పని ఆ ఒక్క రోజూ గెజిటెడ్ అధికారులది. అదే కలం, అదే అరఠావు కాగితం. తేడా ఏమిటంటే ఈ వాక్యానికి రూపాయలు ఖర్చవుతాయి కాబట్టి ఫైలు ఆర్థిక శాఖకు వెళ్లాలి. నా మిత్రుణ్ని అడిగాను, అక్కడ ఎన్నాళ్లు పడుతుందని. "దివాలీ కే బాద్ దేఖేంగే" (దీపావళి అయ్యాక చూద్దాం) అన్నాడు. ఏ దీపావళి అన్నది మాత్రం చెప్పలేదు.