లేఅవుట్_ఫైనల్2.బ్యాక్: టీకా తాత్పర్య సహితము

మూలము: లేఅవుట్_ఫైనల్2.బ్యాక్

ప్రతిపదార్థము: లేఅవుట్ = పైపులు, గోడలు ఎక్కడెక్కడ ఉండవలెనో చూపు పటము; ఫైనల్ = ఇక మారదని అందరును ఒప్పుకొన్నట్టి; 2 = మరల మారినట్టి; చుక్క = చుక్కయే; బ్యాక్ = వెనుకటి ప్రతి యగును.

తాత్పర్యము: సౌదీలోని జుబైల్, దమ్మామ్‌లలోని కాంట్రాక్టు కంపెనీల డ్రాయింగు సెక్షన్లలో ఆటోక్యాడ్ ముందు కూర్చునేవారికి ఈ మూలం కొత్త కాదు. డ్రాయింగు సేవ్ చేసిన ప్రతిసారీ, సెట్టింగు మార్చకపోతే, ఆటోక్యాడ్ అంతకుముందటి రూపాన్ని డాట్ బ్యాక్ పేరుతో పక్కనే పెడుతుంది. పేరు చివర డీడబ్ల్యూజీ అని మారిస్తే అది మామూలు డ్రాయింగులాగే తెరుచుకుంటుంది. కాబట్టి పేరు చివరి ఆ ముక్క, అంటే ఎక్స్‌టెన్షన్, ఫైలుకు స్వభావం కాదు, ఉపాధి మాత్రమే (వేదాంతులు చెప్పే ఉపాధి, వీసా మీద దొరికేది కాదు). స్వభావం మొదటి అక్షరాల్లో ఉంటుంది. ఇటీవలి డ్రాయింగును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన ఏసీ1032 అని కనబడుతుంది, ఎక్స్‌టెన్షన్ ఏదైనా సరే. వర్డ్ డాక్స్ ఫైలును అలాగే తెరిస్తే పీకే అని ఉంటుంది. లోపల అదొక జిప్ మూట. జిప్ రూపాన్ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి.

ఇచట నొక శంక. ఎక్స్‌టెన్షన్ ఉపాధి మాత్రమే అయితే దాన్ని తెలుసుకోవడం ఎందుకు? ఏ ఫైలుకు ఏ ప్రోగ్రాంను పిలవాలో విండోస్ దాన్ని చూసే నిర్ణయిస్తుంది, మనిషి కూడా దాన్ని చూసే నమ్ముతాడు. మోసగాడికి ఆ నమ్మకమే కావాలి. పైగా విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచేస్తుంది గనుక, ఇన్వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ అన్నది చూసేవారికి ఇన్వాయిస్.పీడీఎఫ్‌గా దర్శనమిస్తుంది. 2012 ఆగస్టు 15న, రంజాన్ సెలవుల్లో, దహ్రాన్‌లోని చమురు కంపెనీ సౌదీ అరామ్‌కో మీద పడిన షమూన్ వైరస్ తాను తుడిచేయవలసిన ఫైళ్ల జాబితాను ఎఫ్1.ఐఎన్ఎఫ్, ఎఫ్2.ఐఎన్ఎఫ్ అన్న పేర్లతో రాసుకుంది. ఐఎన్ఎఫ్ అంటే సాధారణంగా డ్రైవర్ల ఇన్‌స్టలేషన్‌కు పనికొచ్చే నిరపాయమైన ఫైలు. మరణశాసనాన్ని శుభలేఖ కవరులో పెట్టినట్టు!

అయినా ఆ రోజు సుమారు 30,000 కంప్యూటర్లు పాడవడానికి కారణం ఈ పేర్లు కావు. షమూన్ ఫైళ్ల మీద తగలబడుతున్న అమెరికా జెండా బొమ్మలోని ముక్కను రాసి, ఆ పైన డిస్కు బూట్ రికార్డును కూడా చెరిపేసింది. ఒకే డిస్కులో డీడబ్ల్యూజీ, దాని పక్కన బ్యాక్ ఉంటే రెంటికీ ఒకటే గతి. చమురు ఉత్పత్తి మాత్రం ఆగలేదు. ఉత్పత్తి వ్యవస్థలు వేరే నెట్‌వర్కులో ఉన్నాయని కంపెనీ ప్రకటించింది. నా సిద్ధాంతం ఇదే: ఒక ఫైలు బ్యాకప్ అవునా కాదా అన్నది దాని పేరు తేల్చదు, అసలు ప్రతికి వచ్చిన ఆపద దాని దాకా రాగలదా లేదా అన్నది తేలుస్తుంది.

పూర్వపక్షి ఊరుకోడు. సర్వర్‌లో ఇంకో కాపీ ఉంది, చాలదా అంటాడు. 2016 నవంబరులో షమూన్ సౌదీకి తిరిగి వచ్చినప్పుడు ఒక రకంలో హువావే వర్చువల్ డెస్క్‌టాప్ పాస్‌వర్డులు ముందే పొందుపరిచి ఉన్నాయని పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అనే భద్రతా కంపెనీ పరిశోధకులు బయటపెట్టారు. సర్వర్‌లో నడిచే అటువంటి డెస్క్‌టాప్‌కు స్నాప్‌షాట్‌లు ఉంటాయి, పాడైతే వెనక్కి తిప్పుకోవచ్చన్నదే అంతదాకా ధైర్యం. ఆ ధైర్యపు తాళంచెవులే దొంగ జేబులోకి వెళ్లాయి. ఒకే పాస్‌వర్డుతో చేరగలిగినవి రెండు గదుల్లో ఉన్నా ఒక్కచోట ఉన్నట్టే లెక్క. దీనికి ఎదురు ఉదాహరణ ఆఫ్రికాలో దొరుకుతుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడికి మెర్‌స్క్ షిప్పింగు కంపెనీలో ఎవరు లోనికి రావచ్చో తేల్చే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లన్నీ పోగా, ఘనాలో ఉన్నది ఒక్కటే మిగిలింది. అప్పుడు అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్కుకు అందలేదు. కరెంటు కోతకు ఒక కంపెనీ రుణపడిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉండవు.

మేమేమీ అరామ్‌కో కాదు కదా అన్నది ఆఖరి ఆక్షేపణ. నిజమే, అందుకే ఖర్చూ తక్కువే: ఒక బయటి హార్డ్‌డిస్కు, కాపీ అయ్యాక దాని కేబులు పీకేసే అలవాటు. కాకపోతే కాపీ తీయడంతో పని అయిపోదు. సౌదీ జాతీయ సైబర్ భద్రతా సంస్థ 2018లో విడుదల చేసిన నియమావళి కూడా బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడాన్ని అప్పుడప్పుడు పరీక్షించాలనే అంది. డ్రాయింగుల వారికి ఇది మరీ అవసరం. ఒక్క డీడబ్ల్యూజీనే దాచుకున్నవాడు దాన్ని వేరే కంప్యూటర్లో తెరిస్తే, జోడించిన ఎక్స్‌రెఫ్ డ్రాయింగులు రావు, అక్షరాలు వేరే ఫాంటులోకి మారిపోవచ్చు. ఈట్రాన్స్‌మిట్ అన్న కమాండు డ్రాయింగుతో పాటు దాని జోడింపులను పోగుచేసి ఒకే మూటగా ఇస్తుంది; హార్డ్‌డిస్కులోకి వెళ్లవలసింది ఆ మూట.